మెటల్ కోన్ మీద సొట్ట: ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జతలో ఒకదాని 6.5 అంగుళాల అల్యూమినియం వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద భాగం) మీద రెండు సొట్టలున్నాయి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండాల్సిన డస్ట్ క్యాప్‌ని మీ అక్కగారి అబ్బాయి వేలితో లోపలికి నొక్కేశాడు. కోన్ మీద, అంచుకీ మధ్యకీ సగం దూరంలో, కందిగింజంత గుంట కొన్నప్పటి నుంచీ ఉంది. వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగితే వచ్చేస్తుందని ఎవరో చెప్పారు. అలా చేయొచ్చా, సౌండ్ దెబ్బతిన్నదా, కొత్త డ్రైవర్ (కోన్, మాగ్నెట్ కలిసిన మొత్తం యూనిట్) కొనాల్సిందేనా అన్నది మీ టెన్షన్.

మీరు చెప్పిన సైజు సొట్టలతో సౌండ్ తేడా వచ్చే అవకాశం చాలా తక్కువ. కోన్ మీది గుంటను చాలావరకు సరిచేయొచ్చు. డస్ట్ క్యాప్ సంగతి మాగ్నెట్ వెనక వైపు చూస్తేగానీ చెప్పలేం. వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. అది అర్థమైతే మిగతా పనిలో చేతిని ఎక్కడ ఆపాలో కూడా మీకే తెలుస్తుంది.

ముందు సౌండ్ విషయం. కోన్ చేయాల్సిన పని ఒక్కటే. వెనక అతికించి ఉండే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, తోసినప్పుడు మొత్తం ఒకే ముక్కలా ముందుకు రావాలి, లాగినప్పుడు ఒకే ముక్కలా వెనక్కి వెళ్ళాలి. పేపర్, పాలీప్రొపిలీన్ కోన్లు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ముందుగానే వంగడం మొదలుపెడతాయి, కానీ వంగేది మెత్తగా వంగుతాయి. అల్యూమినియం అంత త్వరగా వంగదు. ఈ సైజు అల్యూమినియం కోన్ సాధారణంగా 4 కిలోహెర్ట్జ్ దాకా గట్టిగా నిలబడుతుంది. ఆ పైన, చాలా డ్రైవర్లలో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, ఖంగుమని మోగుతుంది. అందుకే మెటల్ కోన్ వాడే డిజైనర్లు క్రాసోవర్‌ని (సిగ్నల్‌ని వూఫర్‌కీ, పై స్వరాలు పలికే ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్‌ని) 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి ఆ మోతను బాగా అణిచేస్తారు. 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర గాలిలో ధ్వని తరంగం పొడవు దాదాపు 13.7 సెంటీమీటర్లు. అంత పెద్ద తరంగానికి 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు లోతు ఉన్న గుంట లెక్కలోకి రాదు. కోన్‌తో పాటు అదీ కదులుతుంది, అంతే. పైన ఉన్న ఆ మోత ఫ్రీక్వెన్సీ ఒకింత అటూ ఇటూ జరగొచ్చు, కానీ అక్కడ వూఫర్‌కి సిగ్నలే అంతంతమాత్రం.

భయపడాల్సిన సొట్టలు వేరే ఉన్నాయి. వాయిస్ కాయిల్ కోన్‌కి అతుక్కునే మెడ దగ్గర పడినది మొదటిది. అక్కడ కోన్ వంకర తిరిగితే కాయిల్ కూడా ఒక పక్కకు ఒరిగి, అది కదిలే మాగ్నెట్ సందులో (గ్యాప్‌లో) రాసుకుంటుంది. సరౌండ్ (కోన్ చుట్టూ ఉండే మెత్తటి రబ్బరు పట్టీ) అతికించిన అంచు దాకా పాకిన సొట్ట రెండోది, అక్కడ అతుకు ఊడిపోయి ఉండొచ్చు. పగులు ఉన్నది మూడోది. నాలుగోది పైకి చిన్నదిగా కనిపించినా చికాకు పెట్టేది: వేలు తగిలితే టక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి వచ్చే సొట్ట. అక్కడ లోహం సాగిపోయి ఉంటుంది, కొన్ని బాస్ స్వరాలకు అదే టపటపలాడుతుంది.

ఈ నాలుగింట్లో ఏదైనా ఉందో లేదో విప్పకముందే తేల్చుకోండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, వాల్యూమ్ తక్కువలో 200 హెర్ట్జ్ నుంచి 20 దాకా నెమ్మదిగా దించుకుంటూ రండి. పక్కన బాగున్న స్పీకర్‌తోనూ అదే చేయండి. గరగర, బుర్రుమనే శబ్దం సొట్ట ఉన్నదానిలో మాత్రమే వస్తే కాయిల్ రాసుకుంటూ ఉండొచ్చు, లేదా పైన చెప్పినవాటిలో ఇంకో లోపం ఉండొచ్చు. తర్వాత పవర్ ఆపేసి, రెండు చేతుల వేళ్ళ కొసలతో కోన్‌ని మధ్యకు దగ్గరగా, నాలుగు వైపులా సమానంగా పట్టి 2, 3 మిల్లీమీటర్లు లోపలికి నొక్కి వదలండి. రాసుకుంటున్న శబ్దం వస్తుందేమో చెవి దగ్గర పెట్టి వినండి. ఒక పక్కకే నొక్కితే మంచి డ్రైవర్ కూడా రాసుకుంటుంది, కాబట్టి సమానంగా అన్నమాట మరిచిపోవద్దు. కొలిచే మైక్ ఎవరి దగ్గరైనా దొరికితే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు వూఫర్లనూ కోన్‌కి 1 సెంటీమీటరు దూరం నుంచి కొలిచి గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేయండి. మీ కేసులో ఆ రెండు గీతలూ కలిసిపోతాయనే నా నమ్మకం. అప్పుడు మిగిలేది కంటికి కనిపించే లోపం ఒక్కటే.

అది కూడా చిన్న విషయం కాదు. ఇష్టపడి కొనుక్కున్న వస్తువు రోజూ ఎదురుగా ఉంటుంది, చూసిన ప్రతిసారీ చూపు ఆ సొట్ట మీదికే పోతుంది. కాబట్టి తీయాలనుకోవడంలో తప్పేమీ లేదు.

చేయి పెట్టే ముందు ఆ కోన్ ఏ లోహమో ఖాయం చేసుకోండి. కంపెనీ స్పెసిఫికేషన్‌లో రాసి ఉంటుంది. అల్యూమినియం అయితే ఒంగుతుంది, నెమ్మదిగా వెనక్కీ వస్తుంది. మెగ్నీషియం కోన్లు మామూలు ఉష్ణోగ్రతలో పెళుసు. ఆ లోహపు స్ఫటిక నిర్మాణమే అలాంటిది, ఒకసారి వంగినదాన్ని వెనక్కి వంచబోతే చీలుతుంది. మెగ్నీషియం కోన్ మీద చిన్న సొట్ట ఉంటే ముట్టుకోవద్దనే చెప్తాను. సిరామిక్ కోన్‌కి సొట్ట పడదు, పగులుతుంది. మిలమిల మెరిసేదంతా మెటల్ కాదు కూడా, చాలా వూఫర్లలో ప్లాస్టిక్ మీద లోహపు రంగు పూత ఉంటుంది. గోటితో మెల్లగా తడితే ప్లాస్టిక్ మొద్దుగా పలుకుతుంది, లోహం సన్నగా పలుకుతుంది. మాగ్నెట్ పెట్టి చూడటం దండగ, అల్యూమినియం ఎటూ అంటుకోదు.

బెరీలియం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 1974లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-1000 నుంచి ఇప్పటి ఖరీదైన ట్వీటర్ల దాకా కొన్నింటిలో డోమ్ (గోపురంలా ఉబ్బిన పలుచటి రేకు) బెరీలియంతో చేస్తారు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నయం కాని జబ్బు తెస్తుంది. బెరీలియం డోమ్‌కి సొట్ట పడినా, పగిలినా గీకడం, సూది గుచ్చడం, ఊదడం ఏవీ చేయొద్దు. టేప్‌తో కప్పేసి, కంపెనీ సర్వీస్‌ని సంప్రదించండి.

మీది అల్యూమినియమే అన్నారు కాబట్టి ఇక పనిలోకి వద్దాం. ఇంట్లో సత్తు గిన్నె సొట్ట పడితే తీసినవాళ్ళకి తెలిసే ఉంటుంది: గుండ్రటి సొట్ట పైకి వచ్చేస్తుంది, మడత పడిన చోట గీత మాత్రం పోదు. కోన్‌లోనూ అదే. వంగిన చోట అల్యూమినియం ముందుకన్నా గట్టిపడుతుంది, పైగా కాస్త సాగుతుంది. మళ్ళీ మెత్తబరచాలంటే 350 డిగ్రీల సెల్సియస్ పైన వేడి చేయాలి. అంతకు ఎంతో ముందే సరౌండ్ రబ్బరు, కాయిల్ జిగురు మాడిపోతాయి. రంగు అనోడైజింగ్ ఉన్న కోన్ అయితే ఇంకో చిక్కుంది. పైనున్న ఆ ఆక్సైడ్ పొర గట్టిది, లోహంతో పాటు వంగలేక సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు పడుతుంది. సొట్ట లేచినా ఆ తెల్లటి గీతలు ఉండిపోతాయి. అందుకని మొదటి నుంచే లక్ష్యం తగ్గించుకోండి. మూడు వంతులు లేస్తే చాలు. రెండు మీటర్ల దూరంలో కూర్చుని చూసేవాళ్ళకి అది కనపడదు.

డ్రైవర్ విప్పడమే ఈ పనిలో అన్నింటికన్నా ప్రమాదమైన ఘట్టం. కోన్ల మీద సొట్టలు స్క్రూడ్రైవర్ వల్ల కూడా పడతాయి. మరను విప్పి పైకి తీసేటప్పుడు మాగ్నెట్ లాగేస్తుంది, మొన పోయి కోన్‌కి తగులుతుంది. మీ కందిగింజ గుంట కూడా అలాంటిదే అయి ఉండొచ్చు. పాత అట్టపెట్టె నుంచి సరౌండ్ సైజుకి గుండ్రంగా అట్ట కోసి, కోన్ మీద కప్పి, ఫ్రేమ్‌కి పేపర్ టేప్‌తో అంటించండి. డ్రిల్ మెషిన్ వాడొద్దు. స్పీకర్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, మరలు చేత్తోనే విప్పండి. వైర్లు ఏది ప్లస్, ఏది మైనస్ ఫోటో తీసుకుని, క్లిప్పులు ఊడదీయండి. పని బల్ల మీద ఇనుప రజను, స్టీల్ ఊల్ లాంటివి ఏవీ ఉండకూడదు. శుభ్రమైన పాత దుప్పటి పరవండి.

ఇప్పుడు కోన్ గుంట. బాస్కెట్ (డ్రైవర్ లోహపు చట్రం) కాళ్ళ మధ్య ఉన్న ఖాళీల్లోంచి కోన్ వెనక భాగం కనిపిస్తుంది. సొట్ట అక్కడ బుడిపెలా పైకి వచ్చి ఉంటుంది. చేయి దూరేంత చోటుంటే ఇంతకన్నా సుఖమైన దారి లేదు. చెక్క గరిటె కాడ చివరను గరుకు కాగితంతో గుండ్రంగా, నున్నగా అరగదీయండి. ముందు వైపు నుంచి ఒక మెత్తటి పెన్సిల్ రబ్బరు ఆనించి పట్టుకోవాలి. అంటే ఒక చేయి వెనక, ఒక చేయి ముందు. వెనక చేయి ఎంత నొక్కుతుందో ముందు చేయి అంత ఆపాలి. ఆ బలం కోన్ ద్వారా కాయిల్‌కి, దాన్ని మధ్యలో నిలిపే ముడతల గుడ్డ అయిన స్పైడర్‌కి పోకూడదు. రెండు చేతుల మధ్యే తీరిపోవాలి.

నొక్కడం సొట్ట నడిమధ్య నుంచి మొదలుపెట్టకండి. అందరికీ చేయి అక్కడికే పోతుంది. నడిమధ్యన లోహం అన్నిటికన్నా ఎక్కువ సాగి ఉంటుంది. అక్కడ గట్టిగా తోస్తే ముందు వైపు చిన్న బొడిపె లేస్తుంది, చుట్టూ గుంట అలాగే ఉంటుంది. గుంటకన్నా బొడిపె ఎక్కువ కనపడుతుంది, దాన్ని మళ్ళీ లోపలికి కొట్టడం ఇంకా కష్టం. సొట్ట అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ లోపలికి రండి, రుద్దినట్టు, పొడిచినట్టు కాదు. చూపుకి ఒక మార్గం చెప్తాను. గదిలో ట్యూబ్‌లైట్ వేసి, దాని ప్రతిబింబం కోన్ మీద సొట్ట గుండా వెళ్ళేలా డ్రైవర్‌ని వంచి పట్టుకోండి. బాగున్న చోట ఆ వెలుగు గీత నున్నగా వంపు తిరుగుతుంది. సొట్ట దగ్గర ఒక్కసారి లోపలికి చిట్లి, మళ్ళీ కలుస్తుంది. మీరు రుద్దేకొద్దీ ఆ చిట్లిన చోటు దగ్గరికి వస్తుంది. ఒక దశలో గీత అతుక్కుంటుంది, సన్నటి నొక్కు మాత్రం మిగులుతుంది. అక్కడ ఆపేయండి. ఆ నొక్కు కూడా పోగొడదామని ఇంకో నాలుగుసార్లు రుద్దినప్పుడే బొడిపెలు లేస్తాయి. మాట్ ఫినిష్ కోన్ అయి ప్రతిబింబం కనిపించకపోతే పక్కనుంచి చిన్న ఎల్‌ఈడీ టార్చ్ వేసి నీడను చూడండి.

ఇక డస్ట్ క్యాప్. డ్రైవర్‌ని తిప్పి మాగ్నెట్ వెనక చూడండి. నడిమధ్యన గుండ్రటి రంధ్రం ఉంటే మీ అదృష్టం. కాయిల్ లోపల గాలి ఆడటానికి పోల్‌పీస్ (మాగ్నెట్ నడిమి ఇనుప దిమ్మ) మధ్యలోంచి పెట్టిన దారి అది, తిన్నగా డస్ట్ క్యాప్ అడుగుకే వెళ్తుంది. పుల్ల ఆ రంధ్రంలోనే నడుస్తుంది కాబట్టి కాయిల్‌కి తగలదు. రంధ్రానికి వల అంటించి ఉంటే జాగ్రత్తగా ఊడదీసి దాచండి. తిన్నటి చెక్క పుల్ల చివర రబ్బరు ముక్క అంటించి, లోపల ఊడిపోకుండా పైన టేప్ చుట్టండి. పుల్ల చెక్కదే కావాలి, ఇనుప కడ్డీ అయితే మాగ్నెట్ మీ చేతిలోంచి లాక్కుంటుంది. ఒక చేతి వేళ్ళతో డస్ట్ క్యాప్ చుట్టూ కోన్ మెడను ముందు నుంచి ఆపి పట్టుకుని, రెండో చేత్తో పుల్లను నెమ్మదిగా తోయండి. ఇక్కడా అంచు నుంచే మొదలు. వేలితో నొక్కిన గుండ్రటి పెద్ద సొట్ట అయితే సగంలోనే టక్కుమని బయటికి దూకుతుంది.

రంధ్రం లేకపోతే ముందు నుంచి లాగాల్సిందే. ఇక్కడ ఆ వాక్యూమ్ క్లీనర్ లెక్క చూడండి. ఇళ్ళలో వాడేవి గొట్టం మూసుకుపోయినప్పుడు సుమారు 15 నుంచి 20 కిలోపాస్కల్స్ పీడనంతో లాగుతాయి. 35 మిల్లీమీటర్ల గొట్టం మూతి మీద అది ఒకటిన్నర నుంచి రెండు కిలోల బలం. 6.5 అంగుళాల వూఫర్‌లో కోన్‌ని 1 మిల్లీమీటరు జరపడానికి దాదాపు 100 గ్రాముల బలం చాలు. కోన్ క్షేమంగా ముందుకు రాగలిగింది 5, 6 మిల్లీమీటర్లు. అంటే సొట్ట లేచేలోపు కాయిల్ గ్యాప్‌లోంచి బయటికి వచ్చేస్తుంది, స్పైడర్ సాగిపోతుంది, కాయిల్‌కి వెళ్ళే సన్నటి జడవైరు తెగినా తెగుతుంది. మెత్తటి గుడ్డ డోమ్‌కి, అందులోనూ గొట్టాన్ని దూరంగా పట్టుకుని చేస్తే నడిచిపోవచ్చు. మెటల్ క్యాప్ తేలిగ్గా లేవదు కాబట్టి బలమంతా స్పైడర్, సరౌండ్‌ల మీద పడుతుంది.

అదే లాగుడు అదుపులో ఉండాలంటే మెడికల్ షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, దానికి సరిపడే మెత్తటి సిలికాన్ ట్యూబ్ చాలు. ట్యూబ్ మూతి 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే, ఎంత గట్టిగా లాగినా దాదాపు కిలో బలానికి మించదు. సగం లాగి ఆపడం మీ చేతిలో ఉంటుంది. మూతి సొట్ట మీద గాలి పోకుండా ఆనాలి, కోన్ మెడను రెండో చేత్తో పట్టుకోవాలి. సొట్ట లోతు తక్కువైతే అంతకన్నా ముందు మామూలు వెడల్పాటి సెల్లోటేప్ ప్రయత్నించండి. సొట్ట లోపలికి పూర్తిగా నొక్కి అంటించి, తిన్నగా ముందుకు లాగండి.

రెండింటికీ లొంగకపోతే హాట్ గ్లూ. తక్కువ వేడి గన్‌తో సొట్ట లోతైన చోట శనగగింజంత బొట్టు వేసి, అందులో చిన్న చెక్క పుల్ల నిలబెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత మెడను పట్టుకుని, పుల్లను తిన్నగా పైకి లాగండి. పని అయ్యాక బొట్టును పీకకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో బొట్టు అంచు చుట్టూ తడిపితే గ్లూ పట్టు వదిలేసి దానంతటదే ఊడుతుంది. అనోడైజ్ చేసిన క్యాప్‌కి ఇది బాగా పనిచేస్తుంది. పెయింట్ వేసిన క్యాప్ అయితే పెయింట్ కూడా లేచివస్తుంది, కాబట్టి వద్దు. గ్లూ బదులు సూపర్ గ్లూ వాడి, అసిటోన్‌తో కడగమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే పాటించకండి. అసిటోన్ చుక్క జారి డస్ట్ క్యాప్ అతుకులోకి దిగితే జిగురు మెత్తబడుతుంది.

సూది గుచ్చి, కొన వంచి, లోపలి నుంచి లాగే పద్ధతి చాలామంది చెప్తారు. గుడ్డ, పేపర్ క్యాప్‌లకు అది సరే. మెటల్ క్యాప్‌కి పడిన చిల్లు ఎప్పటికీ కనిపిస్తుంది, పైగా బాస్‌లో ఆ చిల్లులోంచి గాలి బుస్సుమంటుంది. ఉక్కు సూదిని మాగ్నెట్ దగ్గరికి తీసుకెళ్ళడం మరో ఇబ్బంది. నేను చేయను, చేయమని చెప్పను.

సొట్టను ఎం-సీల్‌తోనో, కార్ పుట్టీతోనో నింపి రంగు వేద్దామా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఈ సైజు వూఫర్‌లో కదిలే భాగాలన్నీ కలిపి సుమారు 15 గ్రాములు. దానికి 1 గ్రాము పుట్టీ చేరితే సున్నితత్వం (అదే సిగ్నల్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో) అర డెసిబెల్‌కి పైగా పడిపోతుంది, 45 హెర్ట్జ్ దగ్గరున్న రెజొనెన్స్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) ఇంచుమించు 43.5కి దిగుతుంది. బరువంతా ఒక పక్కే ఉంటే కోన్ ఊగిసలాడుతుంది కూడా. ఏ హానీ చేయని సొట్టను తీసుకెళ్ళి నిజమైన లోపంగా మార్చడమే ఇది.

మెటల్ డోమ్ ట్వీటర్ సంగతి మీరు అడగలేదు, అయినా పిల్లలున్న ఇల్లు కాబట్టి ఒక మాట. ఆ డోమ్ మందం మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. సెల్లోటేప్‌ని మించి ఏదీ ప్రయత్నించొద్దు. లేవకపోతే, చాలా కంపెనీలు డోమ్, కాయిల్ కలిపిన విడిభాగాన్నో, మొత్తం ట్వీటర్‌నో అమ్ముతాయి, అది మార్చుకోండి. అక్కడ సొట్ట పై ఫ్రీక్వెన్సీల్లో నిజంగానే తేడా చూపించగలదు.

కొత్త వూఫర్ ఎప్పుడు కొనాలంటారా? కాయిల్ రాసుకుంటేనో, పగులు ఉంటేనో కొనాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట రీకోనింగ్ (పాత కోన్ తీసి కొత్తది వేయడం) చేసేవాళ్ళ చేయి మంచిదే, కానీ వాళ్ళ దగ్గర ఎక్కువగా దొరికేవి పేపర్ కోన్లు. మీ అల్యూమినియం వూఫర్‌కి పేపర్ కోన్ వేయిస్తే క్రాసోవర్ లెక్కంతా తప్పుతుంది, రెండు స్పీకర్లూ రెండు రకాలుగా పలుకుతాయి. డస్ట్ క్యాప్ ఒక్కటే మార్పించాలనుకుంటే మాత్రం వాళ్ళకి ఇవ్వొచ్చు. పాతదాని బరువుకు దగ్గరగా ఉన్న క్యాప్ వేయమని, పాతది కోసి తీసేటప్పుడు గ్యాప్‌లోకి తుక్కు పడకుండా చూడమని చెప్పండి.

మీరైతే ముందు కోన్ గుంటతో మొదలుపెట్టండి, అది తేలిక, చేతికి అలవాటూ అవుతుంది. తర్వాత వెనక రంధ్రం ఉంటే డస్ట్ క్యాప్. లేకపోతే టేప్, సిరంజి దాకా చూసి, రాకపోతే ముందు గ్రిల్ బిగించి హాయిగా పాటలు వినండి. తిరిగి బిగించేటప్పుడు మరలు ఎదురెదురుగా ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బిగించండి. చెక్కలో పట్టు దొరకగానే ఆపేయండి. ఎమ్‌డీఎఫ్‌లో ఎక్కువ తిప్పితే గాడి పోతుంది. అట్ట మూత చివరి మర బిగిశాకే తీయండి. పిల్లాడు మళ్ళీ వచ్చేలోపు గ్రిల్ పెట్టేయండి.